మెదడులోనూ ఉంది ఓ అల్లిక!

మోకాళ్ళ నొప్పులకని రాసిచ్చే మాత్రల అట్ట మీది పేర్లు ఎప్పుడైనా చదివారా? గ్లూకోసమైన్ పక్కనే కాండ్రాయిటిన్ అని ఇంకో పేరు ఉంటుంది. అలాగే, ముఖం ముడతలు పడకుండా ఉండాలంటే ఇదే రాసుకోవాలంటూ టీవీలో ఊదరగొట్టే క్రీముల్లో హైలురానిక్ యాసిడ్ అని ఒకటి వినబడుతుంది. మొదటిది కీళ్ళలోని మృదులాస్థిలో ఉండే పదార్థం. రెండోది చర్మంలో తేమని పట్టి ఉంచేది. ఈ రెండూ మన తలకాయలో, మెదడు కణాల మధ్య కూడా ఉన్నాయంటే నమ్ముతారా? నేనైతే, "బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమంటే ఇదే కాబోలు!" అనుకున్నాను.

కానీ ఆ ముడి నిజమేనట. (ఈ మాట విని మాత్రలు ఎక్కువ మింగడమో, ఉన్నవి మానేయడమో చెయ్యకండి. ఆ మాత్రల సంగతి వేరు, మెదడు సంగతి వేరు. ముందుకి చదివితే మీకే తెలుస్తుంది.)

ఇవన్నీ నేను కాలక్షేపానికి తెలుసుకున్నవి కావు. మూడేళ్ళ క్రితం మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక వైద్యం చెప్పి వెళతారు. పావురం మాంసం పెట్టమని ఒకరు, ఫలానా ఊళ్ళో పసరు పోస్తారని ఒకరు, 'ఇంక అంతేనమ్మా, రాసిపెట్టి ఉంది' అని ఒకరు. మెదడు గురించి పరిశోధన చేస్తున్న మా ఆడపడుచు కూతురు మాత్రం వేరే మాట చెప్పింది. "అత్తయ్యా, అందరూ చచ్చిపోయిన కణాల గురించే బెంగ పెట్టుకుంటారు. బతికున్న కణాల మధ్య ఏం జరుగుతోందో ఎవరూ అడగరు" అంది. ఆ పిల్ల ఓపిగ్గా చెప్పిన సంగతులే, నాకు అర్థమైన భాషలో మీకు చెబుతున్నాను.

బూందీ, పాకం

బూందీ లడ్డు సంగతి తీసుకోండి. బూందీ ఎంత గుండ్రంగా దూసినా, పాకం లేకపోతే అది లడ్డు కాదు, బూందీ పోగు! పాకం లేతదైతే లడ్డు నిలవదు. ముదిరిందా, నమలడానికి పళ్ళు చాలవు. మనం మెదడు అనగానే బూందీ గింజల్నే, అంటే న్యూరాన్లనే తలుచుకుంటాం. నిజానికి మెదడు మొత్తంలో ఇంచుమించు అయిదో వంతు కణాల మధ్య ఉన్న జాగాయే. ఆ జాగా ఖాళీగా ఉండదు. నీళ్ళలాంటి ద్రవం, అందులో జెల్లీలాంటి ఓ సన్నటి అల్లిక ఉంటాయి. ఈ అల్లికనే ఎక్స్‌ట్రాసెల్యులార్ మేట్రిక్స్ అంటారు. అంత పొడుగు పేరు ఎందుకు, మనం 'అల్లిక' అనే అనుకుందాం.

హైలురానిక్ యాసిడ్ ఈ అల్లికలో పొడుగాటి దారం. కాండ్రాయిటిన్ సల్ఫేటు కుచ్చుల్లా వేలాడే ప్రొటీన్లు ఆ దారానికి వచ్చి తగులుకుంటాయి. వాటిని ముడి వేసి పట్టుకునేవి ఇంకొన్ని ప్రొటీన్లు. ఈ సరంజామానంతా మెదడు కణాలే తయారు చేసుకుంటాయి. మనం మాత్ర మింగినందువల్ల వచ్చి చేరేది కాదు.

ఇటలీకి చెందిన కమిల్లో గోల్జీ అనే శాస్త్రజ్ఞుడు 1890లలోనే, మెదడు ముక్కలకి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తూ, కొన్ని న్యూరాన్ల చుట్టూ వల అల్లినట్టు ఉందని గమనించారు. స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రమోన్ ఇ కహాల్ మాత్రం, అది నిజమైన వల కాదు, రంగు వేయడంలో ఏర్పడిన మాయ అని కొట్టిపారేశారు. ఇద్దరూ ఉద్దండులే. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. పాపం, ఆ వల సంగతి మాత్రం చాలా ఏళ్ళు మూలన పడింది. తర్వాతి కాలంలో అది నిజంగానే ఉందని తేలింది. దాన్ని ఇప్పుడు పెరిన్యూరోనల్ నెట్ అంటున్నారు.

మా అత్తగారిది నరసాపురం దగ్గర పల్లె. అక్కడ ఆడవాళ్ళకి లేసు అల్లడం పుట్టుకతో వచ్చిన విద్యలాంటిది. వంట పని అయిపోగానే అరుగు మీద చేరి, కొక్కెం సూదీ దారం ఉండా పట్టుకుంటే మాటలు మాటలే, పని పనే. ఆ వల ఫొటోని మా మేనకోడలు ఫోనులో చూపించినప్పుడు నాకు ఠక్కున గుర్తొచ్చింది అత్తగారి లేసే. న్యూరాను చుట్టూ, దాని కొమ్మల మీదుగా గళ్ళుగళ్ళుగా పరుచుకుని ఉంది. ఆ గళ్ళలోంచే పక్క కణాల తీగలు వచ్చి తగులుతాయట!

చిన్నప్పుడే ఎందుకు వస్తుంది?

మన పిల్లలు పక్కింటి తమిళం వాళ్ళ పిల్లలతో ఆడుకుంటూ ఆరు నెలల్లో తమిళం మాట్లాడేస్తారు. మనం పదేళ్ళున్నా 'వాంగో, పోంగో' దగ్గరే ఆగిపోతాం. కారణాలు చాలా ఉండొచ్చు. వాటిలో ఈ వల ఒకటని అంటున్నారు. చిన్నతనంలో ఈ అల్లిక వదులుగా ఉంటుంది. మెదడులో ఏ తీగ ఎటు సాగినా అడ్డుండదు. పెరిగే కొద్దీ, ముఖ్యంగా తోటి కణాల దూకుడుని అదుపులో పెట్టే కొన్ని న్యూరాన్ల చుట్టూ, వల బిగుస్తుంది. నేర్చుకున్నది నిలుస్తుంది, కొత్తది నేర్వడం కష్టమవుతుంది. లడ్డు చుట్టడం అయిపోయి పాకం ఆరినట్టన్న మాట!

ఇది ఉత్త ఊహ కాదు. 2002లో ఇటలీ శాస్త్రజ్ఞులు పెద్ద ఎలుకల మెదడులో, చూపుకి సంబంధించిన భాగంలో, కాండ్రాయిటినేజ్ అనే ఎంజైము ఎక్కించారు. ఒక రకం బ్యాక్టీరియా నుంచి తీసిన ఆ ఎంజైము ఈ వలలోని కుచ్చుల్ని కత్తిరిస్తుంది. అప్పుడు ఒక కన్ను మూసి ఉంచితే, పెద్ద ఎలుకల మెదడు కూడా పిల్ల ఎలుకల మెదడులాగా మారి, తెరిచి ఉన్న కంటికి ఎక్కువ చోటు ఇచ్చిందట. అంటే వల వదులైతే ముదిరిన మెదడు కూడా మళ్ళీ మారగలదన్న మాట.

ఇక అసలు విషయానికి వద్దాం. పక్షవాతం వచ్చినప్పుడు ఈ అల్లికకి ఏమవుతుంది?

మొదటి గంటలు

పక్షవాతం ఎక్కువగా మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే వస్తుంది. కొందరికి నాళం చిట్లి రక్తం కారితే వస్తుంది. గడ్డ అడ్డుపడిన చోట రక్తం అందక కణాలు చచ్చిపోతాయి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో ఒక అమెరికన్ డాక్టరు లెక్క వేశారు. మనం 'కాసేపు చూద్దాం' అనుకునే ఆ కాసేపట్లో ఎన్ని పోతాయో మీరే లెక్క వేసుకోండి!

కణాల మధ్య జరిగేది ఇంకో కథ. రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లోనే కణాలు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. అయిదో వంతు ఉండాల్సిన ఆ మధ్య జాగా, అందులో నాలుగో వంతుకి కుంచించుకుపోతుంది. ఆ తర్వాత గంటల్లో, అల్లికని కత్తిరించే ఎంజైములు పేట్రేగుతాయి. వాటికి మేట్రిక్స్ మెటలోప్రోటియనేజ్‌లని పేరు. మనం కత్తెరలు అందాం. ఈ కత్తెరలు న్యూరాన్ల మధ్య అల్లికనే కాదు, రక్తనాళాల గోడకి లోపల అస్తరులా ఉండే పొరని కూడా కత్తిరిస్తాయి. అస్తరు చిరిగితే ఏమవుతుంది? నాళం లోపలి నీళ్ళు మెదడులోకి ఊరి వాపు వస్తుంది. ఒక్కోసారి రక్తమే కారుతుంది.

గడ్డని కరిగించే ఇంజెక్షనుకి గంటల లెక్క ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. 1995లో అమెరికాలో జరిగిన పరీక్షలో, మొదటి 3 గంటల్లో ఇస్తే మేలని తేలింది. 2008లో యూరప్ వాళ్ళు దాన్ని నాలుగున్నర గంటల దాకా పొడిగించారు. ఆలస్యమయ్యే కొద్దీ బతికించడానికి కణాలు మిగలవు, పైగా అస్తరు చిరిగిన నాళాల్లోంచి రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. ఆ ఇంజెక్షను కత్తెరల్ని కూడా కొంత రెచ్చగొడుతుందని జంతువుల్లో తేలింది. అందుకే డాక్టర్లు, "ఎన్నింటికి మొదలైంది? ఆఖరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు?" అని గుచ్చి గుచ్చి అడుగుతారు. మనం విసుక్కోకూడదు. పెద్ద నాళంలో గడ్డని సన్నటి గొట్టం పంపి బయటికి లాగే పద్ధతి మంచిదని 2015లో రుజువైంది. స్కానింగులో ఆశ కనిపించిన కొందరికి 24 గంటల దాకా చేయవచ్చని 2018లో తేలింది.

మా అత్తగారికి నిద్రలోనే వచ్చింది. తెల్లవారుజామున లేవబోతే కాలు నిలవలేదు. ఎన్నింటికి మొదలైందో ఎవరికీ తెలియదు. నిద్రలో వచ్చినా ఎమ్మారై తీసి చూసి కొందరికి ఇంజెక్షను ఇవ్వవచ్చని కూడా 2018లోనే తేలింది. కానీ ఆవిడ స్కానింగులో అప్పటికే దెబ్బ స్థిరపడిపోయిందని డాక్టరు చెప్పారు. ఇక మాకు మిగిలింది తర్వాతి నెలలే.

కత్తెరే సూదయ్యే వేళ

నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించిన విషయం ఇది. మొదటి రోజుల్లో అంత హాని చేసిన ఆ కత్తెరలే, వారం రోజులు గడిచాక మరమ్మతు పనికి కూలీలవుతాయి. 2006లో ఎలుకల మీద చేసిన పరీక్షలో, పక్షవాతం వచ్చిన ఏడో రోజున ఆ ఎంజైముల్ని మందుతో ఆపేస్తే, మేలు జరగకపోగా దెబ్బ ఇంకా పెద్దదయింది. కొత్త రక్తనాళాలు చొచ్చుకు రావాలంటే, పాత అల్లికని కొంత తొలగించాలి కదా! పాత ఇంటికి కొత్త గది వెయ్యాలంటే, ఉన్న గోడలో కొంత పగలగొట్టినట్టే.

ఇదే సమయంలో దెబ్బ చుట్టూ మచ్చ కడుతుంది. ఆస్ట్రోసైట్లనే సహాయక కణాలు చేరి, కాండ్రాయిటిన్ కుచ్చుల ప్రొటీన్లని దండిగా పోసి, దడి కట్టినట్టు కడతాయి. ఆ దడి వల్ల మంచీ ఉంది, చెడూ ఉంది. లోపలి చెత్త, వాపు పక్కనున్న మంచి కణాల మీదికి పాకకుండా ఆపుతుంది. కానీ కొత్తగా సాగాల్సిన నరాల తీగల్ని కూడా అవతలికి పోనివ్వదు.

దడికి అవతల మాత్రం తమాషాగా వేరే పని జరుగుతుంది. పక్షవాతం తెప్పించిన ఎలుకల మెదడు చూస్తే, దెబ్బ చుట్టుపక్కల, ఇంకా దెబ్బ తగలని రెండో వైపున కూడా, ఆ లేసులాంటి వలలు పలచబడ్డాయి. బిగుసుకున్న అల్లిక కొన్నాళ్ళు వదులవుతోందన్న మాట. పోయిన కణాలు తిరిగి రావు. కానీ బతికున్న కణాలు కొత్త తీగలు సాచి, పోయినవాళ్ళ పనిని తలకెత్తుకోవడానికి ఇదే అదను అని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. ఇంట్లో పెద్ద కోడలు మంచాన పడితే, మిగిలినవాళ్ళు ఆవిడ పనులు పంచుకున్నట్టు!

ఇక్కడో మాట. మనుషుల మెదడుని విప్పి రోజూ చూడలేం కనక, అల్లిక గురించి తెలిసినదంతా చాలా వరకు ఎలుకల్లో చూసినదే. మనుషుల్లో మనకి కనబడేది ఫలితమే. మొదటి మూడు నాలుగు నెలల్లో కోలుకోవడం ఎక్కువగా ఉండి, తర్వాత నెమ్మదిస్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందనే ఊహ బలంగా ఉంది.

తొందరా వద్దు, జాగూ వద్దు

"అయితే మొదటి రోజు నుంచే లేపి నడిపించెయ్యాలి" అనుకుంటున్నారా? నేనూ అదే అడిగాను. అక్కడే జాగ్రత్త కావాలి. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల ఆధ్వర్యంలో అయిదు దేశాల్లో 2,104 మంది రోగుల మీద పెద్ద పరీక్ష చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. 24 గంటల్లోపే లేపి, పదే పదే ఎక్కువగా నడిపించినవాళ్ళు, మామూలుగా చూసినవాళ్ళకంటే బాగుపడలేదు సరికదా, కాస్త వెనకబడ్డారు. పాకం కాగుతున్నప్పుడు లడ్డు చుట్టబోతే చెయ్యే కాలుతుంది కదండీ! మొదటి రోజు ఎంత కదిలించాలన్నది డాక్టరు, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే చెయ్యాలి.

మరి ఎప్పుడు? అమెరికాలో 72 మంది మీద జరిపిన ఓ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు వ్యాయామానికి తోడు ఇంకో 20 గంటలు చేతికి ప్రత్యేక అభ్యాసం ఇచ్చారు. కొందరికి మొదటి నెలలో, కొందరికి రెండు మూడు నెలలప్పుడు, కొందరికి ఆరేడు నెలలకి. రెండు మూడు నెలలప్పుడు చేసినవాళ్ళకి అన్నిటికంటే ఎక్కువ మేలు కలిగింది. మొదటి నెలలో చేసినవాళ్ళకీ కొంత కలిగింది. చిన్న పరీక్షే అయినా, 'అదను' అన్నది ఉందని చెప్పడానికి ఇది సాక్ష్యం.

ఆ అదను దాటితే ఇంక తలుపులు మూసేసినట్టేనా? కాదు. 2006లో ప్రకటించిన ఇంకో పరీక్షలో, పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిని తీసుకున్నారు. కొందరికి బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారాలపాటు దెబ్బ తిన్న చేత్తోనే పనులు చేయించారు. వాళ్ళ చెయ్యి బాగా మెరుగుపడింది, ఏడాది తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచింది. అయితే మణికట్టు, వేళ్ళు కాస్తయినా కదిలేవాళ్ళకే ఈ పద్ధతి. ఏమాత్రం కదలని చేతికి ఇది పనికిరాదు. ఎవరినీ అడక్కుండా మంచి చెయ్యి కట్టేసి పెద్దవాళ్ళని ఇబ్బంది పెట్టకండి.

ఇక వలని కత్తిరించే ఆ ఎంజైము సంగతి. 2012లో పక్షవాతం తెప్పించిన ముసలి ఎలుకలకి, మూడు రోజుల తర్వాత దాన్ని వెన్నుపాములో ఇస్తే, చెయ్యి వాడకం మెరుగుపడింది. 2018లో వెన్నుపాము దెబ్బతిన్న పెంపుడు కుక్కల్లో కూడా కొంత మేలు కనిపించింది. కానీ పక్షవాతానికి మనుషులకిచ్చే మందుగా అది ఇంకా రాలేదు. మెదడు నరాల్ని మళ్ళీ అల్లే మందు మా దగ్గర ఉందని ఎవరైనా వేలకి వేలు అడిగితే, నగలు తాకట్టు పెట్టే ముందు ఈ మాట గుర్తు చేసుకోండి.

నింద ఎవరిది?

ఇప్పుడు మనలో మన మాట. మా అత్తగారు ఆరు నెలలైనా పూర్తిగా కోలుకోకపోయేసరికి, ఓ పెళ్ళిలో చుట్టాలావిడ నలుగురిలోనూ అంది కదా, "కోడలు సరిగ్గా చేయించి ఉంటే ఈపాటికి లేచి తిరిగేది" అని! రోజుకి మూడుసార్లు వేళ్ళు చాపించి, మంచం మీద పక్కలు మార్పించి, నోట్లో మెతుకు పెట్టి, రాత్రిళ్ళు రెండుసార్లు లేచిన మనిషిని నేను. గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టయింది. మీలో ఎంతమంది ఇలాంటి మాట పడ్డారో నాకు తెలియదు కానీ, పడనివాళ్ళు తక్కువే అయి ఉంటారు.

దీనికి జవాబు మన దేశంలోనే దొరికింది. 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగుల మీద ఓ పెద్ద పరీక్ష చేసి, 2017లో ఫలితాలు వెల్లడించారు. సగం మంది రోగుల ఇళ్ళలోవాళ్ళకి, వ్యాయామాలు ఎలా చేయించాలో ఆస్పత్రిలోనే నేర్పి పంపారు. మిగతా సగానికి మామూలు వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే, చనిపోయినవాళ్ళూ, ఇంకొకరి మీద ఆధారపడి ఉన్నవాళ్ళూ కలిపి, ఇటు 47 శాతం, అటూ 47 శాతమే! ఇంటివాళ్ళకి నేర్పించినంత మాత్రాన తేడా రాలేదు.

మొదట విన్నప్పుడు నాకు ఉసూరుమనిపించింది. ఇంత చాకిరీ వృథాయేనా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే మనసు తేలికపడింది. ఎంత కోలుకుంటారన్నది మొదట తగిలిన దెబ్బ ఎంత పెద్దది, ఎక్కడ తగిలింది, ఎంత తొందరగా వైద్యం అందింది, లోపలి అల్లిక ఎలా వదులై ఎలా బిగిసింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కోడలి చేతిలో ఉన్నది అందులో చాలా చిన్న భాగం. తిండి, శుభ్రత, పుండ్లు పడకుండా చూడడం, మాట్లాడించడం... ఇవి లేకపోతే మనిషి నిలవదు. వీటి విలువ ఆ 47 శాతం లెక్కలోకి రాదు. అలాగని పడిన చెయ్యి లేవకపోతే అది మన తప్పూ కాదు. 'రాత' అని చేతులు ముడుచుకోవడం ఎంత అన్యాయమో, 'నువ్వు చెయ్యలేదు' అని ఒకరి మీదికి నెట్టడం అంతే అన్యాయం.

ఆ పెళ్ళిలో నా తరఫున మాట్లాడింది ఎవరో తెలుసా? మా అత్తగారే. అప్పటికి ఆవిడ మాట కొంచెం ముద్దగా వచ్చేది. "నా వేళ్ళకి నేను చెబితేనే వినడం లేదు, కోడలు చెబితే వింటాయా?" అంది. అక్కడితో ఆవిడ నోరు మూతపడింది!

ఇప్పుడు అత్తగారు కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతారు. కుడి చేత్తో గ్లాసు పట్టుకుంటారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తారు. సన్న దారం మాత్రం పట్టు దొరకదు. లావు ఊలూ పెద్ద సూదీ తెచ్చిస్తే, గొలుసు అల్లిక ఓ మూరెడు అల్లి, "ఇది లేసు కాదే అమ్మాయ్, మేకని కట్టే పలుపు" అని నవ్వారు. పువ్వు ఎత్తడం ఇంక రాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మనం చేయగలిగింది

ఫిజియోథెరపిస్టు మాకు నేర్పినవి, మీకూ పనికొచ్చేవి కొన్ని చెబుతాను.

ఉత్తినే చెయ్యి పైకీ కిందికీ ఆడించడం కంటే, ఏదో ఒక పని చేయించడం మంచిది. బటాణీలు ఒలవడం, ఉతికిన రుమాళ్ళు మడత పెట్టడం, చపాతీ పిండి నొక్కడం, డబ్బా మూత తిప్పడం... ఆ మనిషికి ఇష్టమైన పనైతే మరీ మంచిది. ఒకేసారి గంటసేపు కాకుండా, కొంచెం కొంచెంగా రోజుకి చాలాసార్లు చేయించాలి.

పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపకండి. భుజం కీలు జారుతుంది. పడుకున్నా కూర్చున్నా ఆ చేతి కింద తలగడ ఉంచండి.

మింగడం సరిగా ఉందో లేదో ఆస్పత్రిలో చూసే దాకా నోట్లో నీళ్ళు కూడా పొయ్యకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

చాలామంది దిగులుతో మూగనోము పడతారు. అది మొండితనం కాదు, పక్షవాతం తర్వాత తరచుగా వచ్చే జబ్బే. దానికీ మందులున్నాయి. డాక్టరుకి చెప్పండి.

ఆరు నెలలు దాటాయని వ్యాయామం మానేయకండి. అల్లిక బిగిసినా పూర్తిగా రాయి అయిపోదు. కొత్త లాభం నెమ్మదిగా వస్తుంది, మానేస్తే మాత్రం ఉన్నదీ పోతుంది.

అసలు రాకుండా చూసుకోవడం అన్నిటికంటే చవక. పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం రక్తపోటు. 'తల తిరగడం లేదు కదా' అని బీపీ మాత్ర మానకండి. ఊరగాయ, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ... ఒకే కంచంలో నాలుగూ వద్దు. ఇంట్లో మగవాళ్ళ బీపీ గుర్తుపెట్టుకుని చూపించే మనం, మన బీపీ ఎప్పుడు చూపించుకున్నాం? ఒక్కసారి ఆలోచించండి.

చివరగా, వంటింటి క్యాలెండరు మీద ఈ నాలుగు మాటలు రాసి పెట్టుకోండి. మూతి వంకర పోయిందా? చెయ్యి పైకెత్తితే జారుతోందా? మాట ముద్దగా వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా, గడియారం చూసి టైము రాసుకుని 108కి ఫోను చెయ్యండి. స్కానింగు ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్ళండి. చుట్టాలకి కబురు తర్వాత చేసుకోవచ్చు.